చూపు కోల్పోయినవారి కలల్లో చూపు

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• చూపు పోయినవారికి కలలో స్పష్టంగా కనిపించడానికి కారణాన్ని వివరించగలుగుతారు.
• చూపు పోయిన వయసుకు, కలల స్వభావానికి ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• ఇలాంటి కలల విషయంలో కుటుంబసభ్యులు ఎలా మెలగాలో చెప్పగలుగుతారు.

ఉపోద్ఘాతం

మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర మండలంలో అరవై ఏళ్ల రైతు ఒకరున్నారని ఊహించుకోండి. నీటికాసుల వల్ల ఆయన చూపు చాలావరకు పోయింది. వెలుతురుకు, నీడకు తేడా మాత్రమే తెలుస్తుంది. పగలు కర్ర ఆసరాతో నడుస్తారు. రాత్రి కలలో మాత్రం చెరువుకట్ట మీద ఒంటరిగా నడుస్తారు, విచ్చిన పత్తిచేనును చూస్తారు. మెలకువ రాగానే మళ్లీ మసకే.

ఇంట్లోవాళ్లు ఈ కలను రెండు విధాలుగా అపార్థం చేసుకొనే వీలుంది. చూపు తిరిగి వస్తున్నదనుకొని కంటి చుక్కలు మాన్పించవచ్చు. లేదా మతి చలించిందని భయపడి విషయాన్ని దాచవచ్చు. రెండూ హాని చేసేవే. అందుకే దీని వెనుక ఉన్న కారణాన్ని తెలుసుకొందాం.

కలలో చూసేది ఏది?

మెలకువలో చూడటానికి కన్నూ మెదడూ రెండూ కావాలి. రెటీనా మీద పడిన వెలుతురు సంకేతాలుగా మారి, దృక్ నాడి ద్వారా తల వెనుక భాగంలోని దృశ్య వల్కలాన్ని చేరుతుంది. రూపాన్ని, రంగును, కదలికను గుర్తించే పని అక్కడ మొదలవుతుంది. నీటికాసుల్లో దెబ్బతినేది దృక్ నాడి. అప్పటివరకు చూసిన దృశ్యాల జ్ఞాపకాలు మెదడులోనే ఉంటాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. చూపు బాగా ఉన్నవారు కూడా కళ్లు మూసుకొనే కలగంటారు. అంటే కలను చూపించేది కన్ను కాదు, మెదడు. 1953లో ఆసరిన్‌స్కీ, క్లెయిట్‌మన్ అనే శాస్త్రవేత్తలు కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రాదశను వెల్లడించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. ఆ సమయంలో మెదడు పాత జ్ఞాపకాలతో కొత్త దృశ్యాలను అల్లుతుంది.

చూపు పోయిన వయసు

అమెరికా మనోవిజ్ఞానవేత్త జోసెఫ్ జాస్ట్రో 1888లో అంధుల కలల గురించి ఒక పరిశీలన ప్రచురించారు. అయిదేళ్లలోపు చూపు పోయినవారికి సాధారణంగా కలలో దృశ్యాలు కనిపించవనీ, ఏడేళ్ల తరవాత పోయినవారికి కనిపిస్తాయనీ ఆయన గుర్తించారు. పుట్టుకతో అంధులైనవారు కూడా కలలు కంటారు. వారి కలల్లో మాటలు, స్పర్శ, వాసన, రుచి ప్రధానంగా ఉంటాయి.

2014లో డెన్మార్క్ పరిశోధకులు 50 మంది కలలను పోల్చి చూశారు. వారిలో 11 మంది పుట్టుకతో అంధులు, 14 మంది తరవాత చూపు కోల్పోయినవారు, 25 మంది చూపున్నవారు. చూపు పోయి ఎక్కువ కాలమైన కొద్దీ కలల్లో దృశ్యాలు తగ్గుతున్నట్లు తేలింది. కాబట్టి మన ఉదాహరణలోని రైతు కలలు కూడా క్రమంగా మసకబారవచ్చు. అది ఆయనకు మరో నష్టంలా తోచవచ్చు.

మెలకువలో కనిపించే రూపాలు

చూపు బాగా తగ్గినవారిలో కొందరికి మెలకువగా ఉన్నప్పుడే మనుషులు, పూలు, గళ్లు కనిపిస్తాయి. దీనిని చార్లెస్ బానెట్ లక్షణ సముదాయం అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన బానెట్ తన తాతగారి అనుభవం ఆధారంగా 1760లో దీనిని వర్ణించారు. ఇది పిచ్చి కాదు. అయినా ఇతర కారణాలేవీ లేవని వైద్యుని ద్వారా నిర్ధారించుకోవాలి.

కుటుంబం చేయవలసినవి

కల ఎంత స్పష్టంగా ఉన్నా అది కంటి పరీక్ష కాదు. శుక్లాల వల్ల పోయిన చూపు శస్త్రచికిత్సతో చాలావరకు తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదానిని కాపాడుకోవడమే మార్గం. అందుకే వైద్యుడు చెప్పకుండా చుక్కలు మానకూడదు. మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు శిబిరాలు కంటి పరీక్షను గ్రామాల వద్దకే తెచ్చాయి. లోపాన్ని ముందే గుర్తించడంలో ఇలాంటి పరీక్షలు ఉపయోగపడతాయి.

రెండో పని వినడం. "నాయినా, రాత్రి కలల ఏం కనవడ్డది?" అని అడిగితే చాలు. చూసిన లోకాన్ని గురించి చెప్పుకొనే అవకాశం ఆయనకు దొరుకుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కల రావడానికి కంటి చూపు ఎందుకు అవసరం లేదు?
2. పుట్టుకతో అంధులైనవారి కలల్లో ఏ అనుభూతులు ప్రధానంగా ఉంటాయి?
3. మీ ఊరిలో చూపు తగ్గిన పెద్దవారు ఒకరు తమ కల గురించి చెబితే, వారి కుటుంబానికి మీరు ఏ రెండు సలహాలు ఇస్తారు?