తాళంచెవి సరిపోయింది, ఇంజను ఎందుకు పలకలేదు?

కారు తాళంచెవి విరిగిందనుకోండి. ముక్కలు తీసుకుని బజారులో డూప్లికేటు తాళాలు చేసే అతని దగ్గరికి వెళ్తారు. అతను రెండు ముక్కలనూ పక్కపక్కన పేర్చి, ఆకురాయితో రాసి, అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసి ఇస్తాడు. దానితో తలుపు తెరుచుకుంటుంది. ఇగ్నిషన్‌లో పెడితే తిరుగుతుంది కూడా. కాని ఇంజను ఒక్క క్షణం గుర్రుమని ఆగిపోతుంది. ఎదురుగా మీటర్ల మధ్య తాళంచెవి బొమ్మ ఒకటి మినుకుమినుకుమంటూ ఉంటుంది.

కొన్నేళ్ల కిందట నాకు జరిగింది సరిగ్గా ఇదే. తాళం చేసిన అతని తప్పేమీ లేదు. అతను లోహానికి నకలు తీశాడు. ప్లాస్టిక్ పిడిలో దాగి ఉన్న రెండో ‘తాళంచెవి’కి ఆకురాయితో నకలు రాదు.

దాని సంగతి చూసే ముందు, అసలు లోహం ఎందుకు విరిగిందో తెలుసుకుందాం. తాళంచెవులను ఎక్కువగా ఇత్తడితోనో, రాగి, జింకు, నికెల్ కలిసిన ‘నికెల్ సిల్వర్’తోనో చేస్తారు (పేరులో వెండి ఉందిగాని లోహంలో లేదు). అంచున కోసిన గాట్లలో లోతైన గాటు దగ్గర వెడల్పు బాగా తగ్గిపోతుంది. ఒక పట్టీ వెడల్పు సగమైతే, ఆ వెడల్పు దిశలో వంచినప్పుడు తట్టుకునే శక్తి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా గాటు మూలలోనే ప్రతిబలం పోగవుతుంది. బరువైన తాళాలగుత్తి వేలాడటం, బిగుసుకున్న తాళాన్ని బలవంతంగా తిప్పటం, తాళంచెవితో డబ్బామూతలు ఊడదీయటం, ఇవన్నీ అక్కడే పనిచేస్తాయి. ఇలా పదేపదే పడే చిన్న చిన్న బలాలకు లోహం పగలటాన్నే లోహపు అలసట అంటారు. విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూడండి. ఒకవైపు నున్నగా, కాస్త రంగు మారి, మరోవైపు గరుకుగా మెరుస్తూ ఉంటే, మొదటిది నెలల తరబడి పాకిన పగులు. రెండోది చివరిరోజున తెగింది.

ముక్క తాళంలోనే ఉండిపోతే తొందరపడి ఇంకేదీ దూర్చకండి. జిగురు పూసి అతికించి లాగుదామనే ఆలోచన అసలు వద్దు. అది లోపలి పలుచని బిళ్లలకు అంటుకుందంటే తాళమే పోతుంది. కొబ్బరినూనె కూడా పోయకూడదు, దుమ్ము పట్టి ముద్ద కడుతుంది. తాళంచెవిని మామూలుగా ఏ స్థానంలో బయటికి తీస్తామో తాళం ఆ స్థానంలో ఉంటేనే ముక్క వస్తుంది.

ఇక పిడి లోపలికి వద్దాం. అందులో బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదైన గాజుగొట్టంగానో, చిన్న నల్లబిళ్లగానో ఒక చిప్పు ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కరలేదు. పిడిలో కనిపించే గుండ్రటి బ్యాటరీ తలుపులు తెరిచే మీటల కోసం. చిప్పుకు శక్తి ఇచ్చేది ఇగ్నిషన్ తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట. అందులో సుమారు 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో విద్యుత్తు ప్రవహిస్తే, చిప్పుకున్న చిన్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుక్కున్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇది, మీరు పాఠంలో చదివే ట్రాన్స్‌ఫార్మర్ సూత్రమే. అలా మేలుకున్న చిప్పును కారు కంప్యూటరు ప్రశ్నిస్తుంది. ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య పంపుతుంది. చిప్పు తనలోని రహస్య సంఖ్యతో లెక్క చేసి జవాబు చెబుతుంది. కంప్యూటరు అదే లెక్క తానూ చేసుకుని సరిపోల్చుతుంది. తేడా వస్తే ఇంజను నడవదు.

ఈ ఆలోచనకు ముందు మరో సులువైన ఉపాయం ఉండేది. 1986లో అమెరికాలో జనరల్ మోటార్స్ తన కార్వెట్ కారు తాళంచెవిలో ఒక నిరోధాన్ని అమర్చింది. మొత్తం 15 విలువలే కాబట్టి దొంగకు ఓపిక ఉంటే చాలు! ఆ తరువాత వచ్చిన చిప్పులలో ఒక రకంలో రహస్య సంఖ్య 40 బిట్లు, అంటే దాదాపు 1.1 లక్షల కోట్ల అవకాశాలు. 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్ఎస్ఏ లేబొరేటరీస్ పరిశోధకులు దాన్ని కూడా ఛేదించి చూపారు. అలాగని చిప్పు వృథా అనుకోకండి. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి అయింది. అమెరికాలో 2021 వరకు ఇది లేకుండా వచ్చిన హ్యుందాయ్, కియా కార్లను యూఎస్‌బీ తీగ కొసతోనే తిప్పి ఎత్తుకుపోయారు.

ఇప్పుడు డీలరు దగ్గరికి వెళ్దాం. ఆర్‌సీ, గుర్తింపు కార్డు అడుగుతారు. విసుక్కోకండి, ఎవరో వచ్చి మీ కారుకు తాళంచెవి చేయమంటే చేసెయ్యకూడదు కదా. కారు కొన్నప్పుడు తాళంచెవులతో పాటు చిన్న బిళ్ల మీద ఒక నంబరు ఇచ్చి ఉంటే అదీ తీసుకువెళ్లండి. దాన్నిబట్టి ముక్కలతో పనిలేకుండా కొత్త గాట్లు కోయవచ్చు. తరువాత స్టీరింగ్ కింద ఉన్న సాకెట్టుకు తమ యంత్రం తగిలించి, కొత్త చిప్పును కారు కంప్యూటరుకు పరిచయం చేస్తారు. చాలా కార్లలో ఆ సమయంలో పాత చిప్పుల వివరాలన్నీ చెరిగిపోతాయి. అందుకే ఇంట్లో ఉన్న తాళంచెవులన్నీ వెంట ఉండాలి.

నాకు మొదట చెప్పింది మాత్రం, “తాళాల సెట్టు మొత్తం మార్చాలి సార్” అని. ఇంటికి వచ్చి ఒక పని చేశాను. బజారులో చేయించిన తాళంచెవిని ఇగ్నిషన్‌లో పెట్టి, విరిగిన పిడిని దానికి ఆనించి పట్టుకుని తిప్పాను. ఇంజను వెంటనే అందుకుంది! అంటే చిప్పు బాగానే ఉంది, పోయింది లోహం మాత్రమే. ఆ సంగతీ, రెండో తాళంచెవి భద్రంగా ఉన్న సంగతీ చెప్పాక సర్వీసు మేనేజరు మాట మారింది. కొత్త పిడి, కొత్త లోహం, పాత చిప్పు. అంతటితో పని అయిపోయింది. మీరూ ముందే అడగండి: లోహం ఒక్కటే మారిస్తే చాలదా? చిప్పు పనిచేస్తోందో లేదో చూశారా? దేనికెంతో విడివిడిగా రాసివ్వగలరా?

ఉన్న తాళంచెవులన్నీ పోతే కథ వేరు. కొన్ని మోడళ్లలో నిజంగానే తాళాలు, కంప్యూటరు పెట్టె మార్చవలసి వస్తుంది. రెండో తాళంచెవి ఉండగానే మూడోదానికి ఏర్పాటు చేసుకోవటం చవక.

ఇంకొక్క మాట. విరిగిన ముక్కలను డీలరు దగ్గర వదిలి రాకండి. కారు దొంగతనం జరిగితే బీమా కంపెనీలు సాధారణంగా రెండు తాళంచెవులూ అప్పగించమంటాయి. ఒకటి తగ్గితే దాన్ని కారులోనే వదిలేశారేమోనని సందేహిస్తాయి. నా విరిగిన ముక్కలు, బిల్లు ఇప్పటికీ బీమా కాగితాలతో పాటు ఒకే కవరులో ఉన్నాయి.