పారేసే వస్తువులతో బొమ్మలు: ఏది అతుకుతుంది? ఎందుకు?

పగిలిన గాజులు, రంపపు పొట్టు, కొబ్బరి చిప్పలు, గుడ్డ పేలికలు, తుప్పు పట్టిన మేకులు. బొమ్మ చేయాలంటే ఇంతకన్నా చవకైన సామగ్రి ఏముంటుంది? కానీ మైదా ఉడికించిన జిగురుతో అట్ట మీద అంటించిన గాజు ముక్కలు ఎండగానే రాలిపోతాయి. అదే జిగురుతో అంటించిన గుడ్డ మాత్రం లాగినా ఊడిరాదు. ఎందుకిలా?

నీటి చుక్క పరీక్ష

మీరు ఏరుకొచ్చిన ప్రతి వస్తువు మీదా ఒక నీటి చుక్క వేసి చూడండి. కాగితం, గుడ్డ, నున్న చేయని చెక్క ఆ నీటిని పీల్చుకుంటాయి. గాజు, పింగాణీ, ప్లాస్టిక్ మీద చుక్క అలాగే నిలుస్తుంది. పిండి జిగురులోని పొడవైన అణువులు నీటితోపాటు కాగితపు పీచుల మధ్యకు దూరతాయి. నీరు ఆవిరయ్యాక అక్కడే చిక్కుకుని, పీచులోని సెల్యులోజ్‌తో హైడ్రోజన్ బంధాలు ఏర్పరుస్తాయి. గాజుకు అలాంటి రంధ్రాలు లేవు. ఎండి కుంచించుకుపోయిన జిగురు పొర దాని మీది నుంచి పెచ్చులా లేచిపోతుంది.

నీరు పీల్చే వాటికి చింతగింజలు

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు చేస్తారు. దానిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముఖాల బొమ్మలు మలుస్తారు. చిన్న ముఖాలకు కొబ్బరి చిప్పే ఆధారం. ఈ గింజల్లో జైలోగ్లూకాన్ అనే పదార్థం ఉంది. దాని నిర్మాణం సెల్యులోజ్‌ను పోలి ఉండడంవల్ల చెక్క పొట్టును గట్టిగా పట్టుకుంటుంది. పొట్టు ఎక్కువైతే ముద్ద పొడిపొడిగా రాలుతుంది. జిగురు ఎక్కువైతే ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది. కాబట్టి పలచని పొరలుగా వేసి, ఒకటి పూర్తిగా ఎండాకే మరొకటి వేయండి. తడి మిగిలితే బూజు పడుతుంది.

నీరు పీల్చని వాటికి సిమెంటు

చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్ 1957 ప్రాంతంలో పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, విద్యుత్ సామాన్లు ఏరి, రహస్యంగా బొమ్మలు చేయసాగారు. తర్వాత ఈ సంగతి అధికారుల కంటపడింది. 1976లో ఆ చోటే రాక్ గార్డెన్‌గా ప్రజలకు తెరుచుకుంది. ఆయన బొమ్మలకు ఆధారం సిమెంటు. సిమెంటు ఎండి గట్టిపడదు, నీటితో రసాయనిక చర్య జరిపి గట్టిపడుతుంది. అందుకే దానికి నీరు పీల్చే వస్తువు అక్కరలేదు. గాజు ముక్కను తడి సిమెంటులో సగం దిగేలా గుచ్చితే అంచుల చుట్టూ బిగుసుకుంటుంది. తర్వాత కొన్ని రోజులు తడుపుతూ ఉండాలి. సిమెంటు చర్మాన్ని కాల్చుతుంది, గాజు కోస్తుంది. చేతి తొడుగులు తప్పనిసరి.

తుప్పు మేకుల నుంచి నలుపు

శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు ఇనుప తుక్కు, బెల్లం, నీళ్లు కలిపి పులియబెట్టినదే. పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు ఇనుమును కరిగిస్తాయి. ఆ ద్రావణం కరక్కాయలోని టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. టీలోనూ టానిన్లున్నాయి. చిక్కటి టీ డికాక్షన్ పూసి ఆరబెట్టిన కాగితం మీద ఈ నీటితో గీత గీసి చూడండి. పులిసేటప్పుడు వాయువు పుడుతుంది కనుక సీసాకు బిగుతుగా మూత పెట్టకండి, గుడ్డ కట్టండి.

వీటిని ముట్టుకోవద్దు

చవగ్గా దొరికినవన్నీ పనికొచ్చేవి కావు. ట్యూబులైట్లలో పాదరసం, పాత బ్యాటరీలలో సీసం వంటి విషలోహాలు, గోడల నుంచి రాలిన పాత పెయింటు పెచ్చుల్లో సీసం ఉండవచ్చు. పురుగుమందు డబ్బాలను, ఆసుపత్రి చెత్తను కూడా దూరంగా ఉంచండి.

ఇక మీ ఇంట్లో వృథాగా పడి ఉన్న పది వస్తువులు తీసుకోండి. నీటి చుక్క వేసి, పీల్చేవి ఒక పక్క, పీల్చనివి ఇంకో పక్క రాసుకోండి. మీ బొమ్మలో ఏది దేనితో అతకాలో ఆ పట్టికే చెబుతుంది.