అడవి కాలితే ఆకు కింద జీవాల గతేంటి?

2019-20 కార్చిచ్చుకి ఆస్ట్రేలియాలో కంగారూ ద్వీపం దాదాపు సగం కాలిపోయింది. ఎండుటాకుల్లో బతికే, అక్కడ తప్ప ఇంకెక్కడా లేని ఒక చిన్న సాలీడు ఇక లేదనే అనుకున్నారు. 2021లో మంట తగలని చిన్న పొదల జాగాలో మళ్లీ కనపడింది!

మట్టిలోకి వేడి తొందరగా దిగదు. అందుకే లోతులో ఉండే చీమలు చాలావరకు బతుకుతాయి. పైన ఆకుల్లో ఉండే రోకలిబండ పురుగులు, సాలీళ్లు, స్ప్రింగ్‌టెయిల్స్ మాత్రం ఆకుతో పాటే మాడిపోతాయి. రెక్కల్లేనివి చాలావరకు కాలని చోటు నుంచి మెల్లగా పాక్కుంటూ రావాల్సిందే. వచ్చినా, ఆకు మళ్లీ రాలి పేరుకునేదాకా తిండీ నీడా ఉండవు.

మన పొలంలోనూ అంతే అండీ. కొయ్యకాళ్లు తగలబెడితే ఆకుని ఎరువుగా మార్చే జీవాలే పోతాయి. కాల్చకండి. ఇప్పటికే కాలిపోయి ఉంటే, గట్టు మీద గడ్డీ ఆకూ కదపకుండా వదిలేయండి. మళ్లీ మొదలవ్వడానికి అదే విత్తనం. మా గట్టు ఆకు కింద ఏముందో వీడియోలో చూడండి.