పల్మైరా: బాటసారులు పోషించిన పట్టణము

నదీతీరమున నగరము వెలయుట వింత గాదు. ఓడలు చేరు రేవున వర్తకులు స్థిరపడుటయు సహజమే. కాని నదియు రేవును లేని మరుభూమి నడుమ రోము సామ్రాజ్యమునే ధిక్కరింపగల నగర మొకటి వర్ధిల్లెను. సిరియా దేశమందలి పల్మైరా యదియే. దేశీయులు దానిని తద్మోరని పిలిచిరి.

మధ్యధరా సముద్రమునకును యూఫ్రటీసు నదికిని నడుమ, ఎడారిలో ఎఫ్కా యను గంధకపు నీటియూట యుండెను. అదియే యీ పట్టణమునకు ప్రాణాధారము. క్రీస్తునకు పూర్వము రెండవ సహస్రాబ్దినాటి మారీ నగరపు మట్టిపలకలలోనే తద్మోరు పేరు కానవచ్చుచున్నది. అయినను ఊట యొక్కటియే మహానగరమును నిర్మింపజాలదు. రోమీయులకును పార్థియనులకును వైరము. ఇరువురకును వాణిజ్యము కావలెను. తద్మోరు వాసులు ఆ రెండు రాజ్యముల మధ్యనున్న యెడారిమార్గమును తమ వృత్తిగా స్వీకరించిరి. ఒంటెలను సమకూర్చిరి, దారి చూపిరి, దోపిడిగాండ్రనుండి బిడారులను కాపాడిరి. క్షేమముగా నడపిన నాయకునకు వర్తకులు కృతజ్ఞతతో వీథిస్తంభములపై ప్రతిమలు నిలిపిరి.

ఈ మార్గమునకు మన దేశముతోడను సంబంధము గలదు. పారశీక సింధుశాఖ కొనయందలి రేవునుండి తూర్పుదేశపు సరకులు తద్మోరునకు చేరుచుండెను. క్రీ.శ. 157 నాటి శాసన మొకటి సిథియానుండి, అనగా సింధునదీ ముఖప్రాంతమునుండి, ఓడపై మరలివచ్చిన వర్తకులను పేర్కొనుచున్నది. చీనాపట్టు ముక్కలు అచ్చటి సమాధులలో దొరకినవి.

న్యాయవాదవృత్తియందున్న మాబోటివారికి మాత్రము ఆ నగరపు స్తంభములకంటె క్రీ.శ. 137 నాటి సుంకపు శాసనమే యెక్కువ ఆకర్షకము. పూర్వపు చట్టమున పెక్కు వస్తువుల సుంకము పేర్కొనబడలేదు. వాడుకనుబట్టి వసూలు చేయుటచే వర్తకులకును సుంకరులకును తఱచు తగవులు పొడముచుండెను. అందుచే నగరసభ రేట్లనన్నిటిని నిర్ణయించి, గ్రీకుభాషయందును దేశభాషయగు అరమాయికునందును ఱాతిపై చెక్కించి, ఎల్లరకు కనబడుచోట నిలువుమని తీర్మానించెను. ఊటల నీటి వినియోగమునకు సంవత్సరమునకు 800 దీనారములు. తెచ్చిన బానిస కొక్కనికి 22 దీనారములు. మానవులను సయితము సరకులలో జమకట్టిన కాలమది. ఆ కళంకమును మనము మఱువరాదు. అయినను పన్ను చెల్లించువాడు చట్టమును తన భాషలో చదువగలుగవలెనను న్యాయము అంతటి ప్రాచీనమైనదని తెలిసి సంతసింపకయు నుండరాదు.

పిదప రాజ్యకాంక్ష ప్రవేశించెను. క్రీ.శ. 260లో రోము చక్రవర్తి వలేరియను పారశీకులకు బందీయైనపుడు తద్మోరు ప్రభువు ఒడెనాతుసు వారిని తఱిమి రోమునకు తూర్పుకావలియయ్యెను. 267 ప్రాంతమున నాతడు హతుడు కాగా, భార్య జెనోబియా కుమారుని పేర ఏలి, ఐగుప్తమును సయితము ఆక్రమించెను. 272లో అరీలియను చక్రవర్తి ఆమెను బంధించెను. మరుసటి యేట నగరము తిరుగబడగా కొల్లగొట్టబడెను. అటుపిమ్మట సైనికుల ఠాణాయే మిగిలెను. బిడారులు వేఱు దారులు పట్టెను. ఇరుపక్షములకును కావలసినవాడై బ్రదికినవాడు తానే యొక పక్షమైనపుడు కలుగు ఫలమిది.

శిథిలములకును శాంతి దొరకలేదు. క్రీ.శ. 32లో ప్రతిష్ఠింపబడిన బేలు దేవాలయమును 2015 ఆగస్టులో ఉగ్రవాదులు ప్రేల్చివైచిరి. నలువది సంవత్సరములు ఆ పురావస్తువులను కాచిన ఖాలెద్ అల్-అసద్ పండితుని, ఎనుబదేండ్లు పైబడిన వృద్ధుని, ఆ నెలలోనే వధించిరి. దాచిన వస్తువుల జాడను ఆయన వారికి చెప్పలేదని వార్తలు వెలువడెను.

1881లో బయల్పడిన ఆ సుంకపు శాసనము మాత్రము నేడు రష్యా దేశమున సెంట్ పీటర్సుబర్గు నందలి హెర్మిటేజి ప్రదర్శనశాలలో నున్నది. రాణి సింహాసనము గతించెను, దేవాలయము కూలెను, బాటసారికిని సుంకరికిని నడుమ తగవు రాకుండుటకై వ్రాయించిన ఱాయి నిలిచియున్నది.