మల్లెకుండీకి ఏడాది పొడుగునా నీరు

పెరటిలో బావిగట్టు చెంతనో, స్నానపు నీరు పారు కాలువ ప్రక్కనో ఒక మల్లెపొద యుండుట మన గ్రామములలో తరతరాలుగా వచ్చుచున్న పరిపాటి. నేడు అనేక గృహములలో పెరళ్లు కుదించుకొనిపోయినవి. ముంగిళ్లకు సిమెంటు పరచినారు. అందుచే మల్లె కుండీలోనికి వచ్చినది. నేలలోని చెట్టు తన వేళ్లను దూరముగా పంపి నీటిని వెదకికొనగలదు. కుండీలోని చెట్టునకు అట్టి స్వేచ్ఛ లేదు. దాని మేలుకీడులు నీరు పోయు చేతిపైననే ఆధారపడి యున్నవి.

గత సంవత్సరము వర్షాకాలమున మేమొక గ్రామమునకు వెళ్లినపుడు ఒక ఇల్లాలు అరుగుమీది కుండీని చూపి, "రోజూ రెండు చెంబుల నీళ్లు తప్పకుండా పోస్తున్నానండీ. ఆకులు పసుపు రంగు తిరిగి రాలిపోతున్నాయి. ఇంకా నీళ్లు పెంచమంటారా?" అని యడిగినది. వ్రేలితో తాకి చూడగా మన్ను బురదవలె నుండెను. కుండీని ప్రక్కకు వంచి చూడగా అడుగునగల బెజ్జము మట్టితో పూడిపోయి యున్నది. వీధి చివర కొళాయినుండి ఆమె శ్రమపడి మోసి తెచ్చిన నీరే ఆ చెట్టును చంపుచుండెను. ఇట్టి పొరపాటు అనేక గృహములలో జరుగుచున్నది. కావున ఈ విషయమును కొంత వివరింప దలచితిమి.

వేళ్లకు గాలి యవసరము

మట్టి రేణువుల నడుమ సన్నని ఖాళీలు కలవు. వాటిలో కొంత నీరు, కొంత గాలి యుండవలెను. వేళ్లుకూడ శ్వాసించును. ఖాళీలన్నియు ఎల్లప్పుడు నీటితో నిండియున్నచో వేళ్లకు ఊపిరియాడక కుళ్లిపోవును. కుళ్లిన వేరు నీటిని పీల్చజాలదు. అందుచే మన్ను తడిగానున్నను ఆకులు వాడిపోవును. వాడిన ఆకులను చూచి దాహమని భ్రమించి మరికొంత నీరు పోయుదుము. దానితో చెట్టు నశించును.

దీనిని నివారించుటకు మొదటనే జాగ్రత్త పడవలెను. కుండీ అడుగున బెజ్జముండవలెను. దానిపై కుండపెంకు నొకదానిని బోర్లించవలెను. ఎర్రమన్ను, ఇసుక, బాగుగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపవలెను. నల్లరేగడి ఒక్కటియే వాడరాదు. అది తడిని చాలకాలము పట్టియుంచును, ఎండినచో బీటలు వారును. నీరు నిలిచి ఇంకుటకై పైన అంగుళము మేర ఖాళీ విడువవలెను.

ఎప్పుడు పోయవలెను?

గడియారమునుబట్టిగాక మన్నునుబట్టి నీరు పోయవలెను. వ్రేలిని రెండు అంగుళముల లోతునకు గ్రుచ్చి చూడుడు. అచ్చట తడి తగిలినచో నాడు నీరక్కరలేదు, పొడిగానున్నచో పోయవచ్చును. మట్టికుండీని వ్రేలితో మీటినను తెలియును. మన్ను ఎండినచో ఖంగుమను ధ్వని, తడిగానున్నచో మొద్దు ధ్వని వినవచ్చును.

పోయునపుడు మాత్రము అడుగు బెజ్జమునుండి కొంచెము కారువరకు నిండుగా పోయవలెను. పైపైన చిలకరించినచో లోతున నున్న వేళ్లకు తడి యందదు. మట్టికుండీ గోడలనుండికూడ నీరు ఆవిరియగును; ప్లాస్టిక్ కుండీలో అట్లు జరుగదు. అందుచే ప్లాస్టిక్ కుండీకి నీటి యవసరము తక్కువ.

వేసవి, వర్షాకాలములు

ఫిబ్రవరి చివరనుండి జూన్ వరకు మల్లె పూయు కాలము. మొగ్గ తొడిగిన చెట్టును ఎండనిచ్చినచో మొగ్గలు రాలిపోవును. ఈ దినములలో 12 అంగుళముల కుండీకి ఉదయము పూట సుమారు రెండు లీటర్ల నీరు కావలసివచ్చును. రోహిణీకార్తె ఎండలలో సాయంకాలముకూడ పోయవలసియుండును. మన్నుపై ఎండుటాకులుగాని, వరిగడ్డిగాని, కొబ్బరిపీచుగాని రెండంగుళముల మందమున పరచినచో తడి త్వరగా ఆరదు. ఒకవేళ మన్ను పూర్తిగా ఎండి అంచులనుండి విడిపోయినచో, పోసిన నీరు ప్రక్కలనుండి జారిపోవును. అప్పుడు కుండీని నీళ్లతొట్టిలో అరగంటసేపు ఉంచి తీయవలెను.

వర్షములు ప్రారంభమైన తరువాత అలవాటు మార్చుకొనవలెను. అయితే వర్షము అంతట నొకటిగా కురియదు. అనంతపురము ప్రాంతమున సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము పడగా, గోదావరి డెల్టాలో అందుకు దాదాపు రెండింతలు పడును. అందుచే ఒకరి పద్ధతి మరియొకరికి సరిపడదు. జోరువాన పడినను గుబురు కొమ్మల క్రింది మన్ను ఒక్కొక్కప్పుడు తడియదు. అప్పుడును వ్రేలితో పరీక్షించియే తెలిసికొనవలెను.

శీతకాలపు విశ్రాంతి

మల్లె సాగులో ముఖ్యమైన రహస్యమిదియే. మల్లె క్రొత్త చిగురులపైననే పూయును. చిగురులన్నియు ఒక్కసారిగా బలముగా వచ్చుటకు అంతకుముందు చెట్టునకు విశ్రాంతి కావలెను. తోటలలో రైతులు కొమ్మలు కత్తిరించుటకు ముందు కొంతకాలము నీరు కట్టుట ఆపివేయుదురు. కుండీలో వేళ్లకు చోటు తక్కువగుటచే నీరు పూర్తిగా మాన్పరాదు. నవంబరు చివరనుండి క్రమముగా తగ్గించి, వారమున కొకసారి కొద్దిగా పోసిన చాలును. ఆకు రాలినను భయపడనక్కరలేదు.

డిసెంబరు చివరగాని, జనవరిలోగాని కొమ్మలను మూడవవంతు కత్తిరించి, పైమన్నును గుల్లచేసి, రెండు గుప్పెళ్ల మాగిన ఎరువు వేసి, నిండుగా నీరు పోయవలెను. పిదప చిగురుతోపాటు నీటిని పెంచుకొనుచు పోవలెను.

మరి రెండు జాగ్రత్తలు

బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు పోయవచ్చును. సబ్బునీరు, ఉప్పు కలిసిన నీరు పనికిరావు. బోరునీటిలో లవణములు హెచ్చుగానున్నచో కుండీపై తెల్లని పొర కట్టును. వాననీటిని పట్టి అప్పుడప్పుడు ధారాళముగా పోసినచో ఆ లవణములు అడుగునుండి కొట్టుకొనిపోవును.

కుండీ క్రింది పళ్లెములో నీరు నిలువనీయరాదు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ ఇట్టి కొద్దిపాటి నీటిలోనే పెరుగును. గ్రుడ్డు దోమగా మారుటకు వారము, పదిదినములు చాలును. గ్రుడ్లు పళ్లెము అంచున అంటుకొని, నీరు లేకున్నను చాలకాలము నిలిచియుండును. కావున వారమున కొకసారి పళ్లెమును ఒంపి, తోమి, ఆరబెట్టవలెను.

ఆ ఇల్లాలి కుండీ బెజ్జమును ఆనాడే పుల్లతో తెరచి, మన్ను ఆరువరకు నీరు పోయవద్దని చెప్పి వచ్చితిమి. ఈ సంవత్సరము మార్చిలో మరల ఆ త్రోవను పోయితిమి. ఒక కొమ్మ ఎండిపోయినది. తక్కిన కొమ్మలు చిగిర్చి, మొగ్గ తొడిగినవి. "ఇప్పుడు వేలు పెట్టి చూశాకే చెంబు పట్టుకుంటున్నానండీ" అని ఆమె చెప్పినది. మల్లెకుండీ గల ప్రతి యింటివారును అలవరచుకొనదగిన పద్ధతి యిదియే.