చిత్రహింసలు దాటి వచ్చినవారికి ఇరుగుపొరుగే మొదటి ఆసరా

నాగరగెరె, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మనకు శరణార్థుల సమస్య ఎక్కడో దూరాన ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ బాగేపల్లి మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మనల్ని హైదరాబాదు చేరుస్తుంది. అక్కడి బాలాపూర్ పరిసరాల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు వేల సంఖ్యలో తలదాచుకుంటున్నారు. బర్మా మనవాళ్లకూ తెలిసిన దేశమే. 1942లో జపాన్ దాడి సమయంలో ఎందరో తెలుగువారు అక్కడి నుంచి కాలినడకన బయలుదేరారు. 1960లలో సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరెందరో కట్టుబట్టలతో వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తు.

శరణార్థులందరూ చిత్రహింసలు అనుభవించినవారు కారు. అనుభవించినవారికి మాత్రం సరిహద్దు దాటినంత మాత్రాన ఆ బాధ తీరదు. నిద్ర పట్టదు. యూనిఫాం కనిపిస్తే గుండె దడ. మూసిన గదిలో ఊపిరాడదు. ఒళ్లు నొప్పులని ఆస్పత్రికి వెళ్తారు గాని అసలు సంగతి చెప్పుకోలేరు. హింసించినవాడు మొదట దెబ్బతీసేది మనిషి మీద మనిషికుండే నమ్మకాన్ని. అందుకే మందు ఒక్కటే చాలదు, నమ్మదగిన మనుషులు కూడా కావాలి.

సముదాయ సేవ అంటే ఇదే. ముందు నీడ, తిండి, పిల్లలకు బడి. తర్వాత ఆస్పత్రికి తోడు, భాష తెలిసిన దుబాసీ. ఆడవారి గోడు వినడానికి ఆడవారే ఉండాలి. దుబాసీ విన్నది బయటపెట్టకూడదు. హైదరాబాదులో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థతో కలిసి కోవా అనే స్వచ్ఛంద సంస్థ శరణార్థుల మధ్య పనిచేసింది.

వైద్యాన్ని జనం దగ్గరికి తీసుకుపోవడం మన కర్ణాటకకు కొత్త కాదు. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇచ్చి, పల్లెల్లోనే మానసిక వైద్యం అందేలా చేసింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా.

చట్టం సంగతికొస్తే, 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో భారత్ చేరలేదు. చిత్రహింసల నిరోధక ఒప్పందంపై 1997లో సంతకం చేసినా ఇంతవరకు ధ్రువీకరించలేదు. అయినా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులకే పరిమితం కాదని, చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే వారి ప్రాణానికి చట్టం అండ ఉన్నా, శరణార్థిగా రావలసిన హక్కులకు ప్రత్యేక చట్టమంటూ లేదు. ఆ లోటు కొంతైనా తీరేది ఇరుగుపొరుగు చేతుల మీదుగానే.

అలాంటివారు మన ఊరికి కూలికో, అద్దె ఇంటికో వస్తే ఏం చేయాలి? "నీకేం జరిగింది?" అని గుచ్చి గుచ్చి అడగొద్దు. చెబితే వినాలి, చెప్పకపోతే ఊరుకోవాలి. ఫొటోలు తీసి పంచొద్దు. మనసు కుదురుగా లేదని తెలిస్తే టెలిమానస్ ఉచిత నంబరు 14416 చెప్పాలి, లేదా ప్రభుత్వ ఆస్పత్రికి తోడు వెళ్లాలి. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు లేదు.

ఏటా జూన్ 26 చిత్రహింసల బాధితులకు మద్దతు తెలిపే అంతర్జాతీయ దినం. ఒకనాడు మన పెద్దలూ వేరే ఊరి నుంచి వచ్చి ఇక్కడ చోటు అడిగినవారే. ఆ సంగతి మరవకుండా ఉంటే చాలు, మిగతాది చేయడం కష్టం కాదని మా నమ్మకం.