నెలకోసారి వచ్చే చీకటి రోజులు: ప్రార్థనతో పాటు వైద్యమూ కావాలి

ఆదివారం ఆరాధన ముగిశాక సహోదరీలు పాస్టరమ్మ గారి దగ్గరికి తెచ్చే ప్రార్థన మనవుల్లో ఒకటి తరచూ వినబడుతుంది. "కోపం ఆగడం లేదమ్మా. పిల్లల్ని కొడుతున్నా. చచ్చిపోవాలనిపిస్తోంది. నాలుగు రోజులు పోతే మళ్లీ మామూలే. నా కోసం ప్రార్థన చేయండి." మనం ప్రార్థిస్తాం, ప్రార్థించాలి కూడా. కానీ ఒక్క మాట అడగడం మరచిపోతాం: "అమ్మా, ఇది నెలలో ఏ రోజుల్లో వస్తోంది?"

నెలసరికి వారం పది రోజుల ముందు మొదలై, నెలసరి వచ్చిన కొద్ది రోజుల్లో తగ్గిపోయే తీవ్రమైన దిగులు, కోపం, ఆందోళన ఒక జబ్బు కావచ్చు. వైద్యులు దాన్ని ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్, క్లుప్తంగా పీఎండీడీ అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని తన జబ్బుల పట్టికలో ప్రత్యేకంగా చేర్చింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలోనూ ఇది ఉంది. నెలసరి ముందు కాస్త చిరాకు, ఒళ్లు నొప్పులు చాలామందికి మామూలే. ఇల్లు, పని, బంధాలు దెబ్బతినేంతగా ఉంటేనే దీన్ని అనుమానించాలి. నెలసరి వచ్చే వయసు స్త్రీలు వందమంది ఉన్న సంఘంలో ఇద్దరు ముగ్గురికైనా ఇది ఉండవచ్చు.

ఇది గుణం కాదు, దయ్యం కాదు

ఈ స్త్రీలకు రక్తపరీక్ష చేస్తే హార్మోన్లు సాధారణంగా సరిగానే ఉంటాయి. నెలనెలా జరిగే హార్మోన్ల మార్పును వారి మెదడు తట్టుకోలేకపోవడమే చిక్కు. 1998లో అమెరికా పరిశోధకులు ఇలాంటి బాధ ఉన్న స్త్రీలకు మందుతో అండాశయ హార్మోన్లను ఆపి చూశారు. 18 మందిలో 10 మందికి బాధ తగ్గింది. అవే హార్మోన్లను తిరిగి ఇస్తే వారికి బాధ మళ్లీ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలకు అవే ఇచ్చినా ఏమీ కాలేదు. కాబట్టి ఇది భక్తి తక్కువై వచ్చింది కాదు.

మన ప్రాంతంలో దీని బరువు ఇంకా ఎక్కువ. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ఎన్నో ఇళ్లలో భర్త గల్ఫ్‌లో ఉంటాడు. అత్తమామలు, పిల్లలు, అప్పులు, బీడీల లెక్క అన్నీ ఆమె మీదే. సిరిసిల్లలో సాంచాల కోసం కండెలు చుట్టే స్త్రీలదీ అదే పరిస్థితి. పని జరిగినంతకే కూలి. నెలలో వారం రోజులు చేతులాడకపోతే కూలి పోతుంది, పైగా "గయ్యాళి", "సోమరి" అనే పేర్లు వస్తాయి.

క్యాలెండరు మీద గుర్తు పెట్టండి

ఈ జబ్బును తేల్చడానికి స్కానింగ్ లేదు. రోజువారీ గుర్తులే ఆధారం. మనందరి ఇళ్లలో వాగ్దాన క్యాలెండరు ఉంటుంది. రెండు నెలల పాటు ప్రతి రాత్రి ఆ రోజు గడిలో ఒకటి నుంచి ఆరు వరకు అంకె వేయండి. బాధ లేకపోతే ఒకటి, భరించలేనంత ఉంటే ఆరు. నెలసరి రోజులకు చుట్టూ గీత గీయండి. నెలసరి ముందే అంకె పెరిగి, తర్వాత తగ్గితే పీఎండీడీ అనుకోవచ్చు. నెలంతా దిగులుగానే ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. థైరాయిడ్, రక్తహీనత కూడా చూపించుకోవాలి. ఆ కాగితమే డాక్టరుకు సగం సంగతి చెబుతుంది.

చచ్చిపోవాలన్న తలంపు వస్తుంటే మాత్రం రెండు నెలలు ఆగవద్దు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వైద్యం ఉంది

ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మందులు ఇందులో బాగా పనిచేస్తాయి. మామూలు డిప్రెషన్‌లో ఇవి పనిచేయడానికి వారాలు పడుతుంది. పీఎండీడీలో కొద్ది రోజుల్లోనే గుణం కనిపించవచ్చు. అందుకే కొందరికి నెలసరికి ముందు రెండు వారాలు మాత్రమే వాడమంటారు. ఇవి నిద్రమాత్రలు కావు, మత్తు అలవాటు చేయవు. మొదట్లో వికారం, తలనొప్పి ఉండవచ్చు. కొందరికి హార్మోన్ మాత్రలు, కౌన్సెలింగ్ మేలు చేస్తాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఒకప్పుడు విపరీతమైన హుషారు వచ్చి నిద్రే అక్కర్లేకుండా గడిపినవారు అదీ చెప్పాలి. మెడికల్ షాపులో సొంతంగా కొని వాడవద్దు.

జగిత్యాల, సిరిసిల్ల రెండూ 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. ఇప్పుడు రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకునేటప్పుడు మానసిక వైద్య విభాగం కావాలని అడగండి. కోరుట్ల వారికి జగిత్యాల దగ్గరే. వెళ్లలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ టెలి మానస్ సేవ ఉచితం. రాత్రింబవళ్లు తెలుగులోనూ మాట్లాడతారు.

సంఘం చేయవలసింది

కాపరులకు, స్త్రీల కూడిక పెద్దలకు మా మనవి ఇది. ఇలాంటి సహోదరి పేరు మైకులో చెప్పి ప్రార్థించకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఉపవాసం పేరుతో మాత్రలు ఆపించకండి. మాత్రలు మానేసి సాక్ష్యం చెప్పమని అడగకండి. ఆమె భర్తకు, అత్తగారికి ఆమె అనుమతితో విషయం వివరించండి. ఆ వారం రోజులు పిల్లల్ని చూసుకోవడానికి ఒకరు, ఆసుపత్రికి తోడు వెళ్లడానికి ఒకరు ముందుకు వస్తే అదే గొప్ప పరిచర్య.

హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో మంచం పట్టి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఆ జవాబు మోసుకొచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడని 2 రాజులు 20వ అధ్యాయం చెబుతుంది. ప్రార్థనకు జవాబు వచ్చిందని యెషయా మందు మాన్పించలేదు. మన సహోదరీల విషయంలో మనమూ మాన్పించకూడదు.